72 గంటల్లో పోయే బొమ్మలు

ఈ వారం మా ఊళ్లో ఒక నాయకుడి పుట్టినరోజు. పేరు రాయను, పార్టీ కూడా రాయను. రాస్తే సగంమంది చప్పట్లు కొడతారు, తక్కిన సగం "అవతలివాళ్లు కట్టినప్పుడు ఎక్కడున్నావ్" అని మీదికొస్తారు. ఆ తగువు నాకొద్దు. బస్టాండు సెంటర్లో, సరిగ్గా మలుపు దగ్గర, ఎదురొచ్చే బండి కనబడకుండా ఒక ఫ్లెక్సీ కట్టారు. దాని సర్వి బాదులు ఒకవైపు ఫుట్‌పాత్ మీద, రెండోవైపు డివైడర్‌లో నాటిన మొక్క మొదట్లో దిగేశారు. బడి వదిలే వేళకి పిల్లలు పుస్తకాల సంచులతో దాన్ని తప్పుకుని, రోడ్డు మీదికి దిగి, లారీల పక్కనుంచి నడుస్తున్నారు. చూసి నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

దగ్గరికెళ్లి చూశాను. పైన ఎడమ మూల కీర్తిశేషుడైన పెద్దాయన, కుడి మూల పార్టీ అధినేత. నడిమధ్యన దణ్ణం పెడుతూ పుట్టినరోజు మనిషి. ఆయన కింద వరసలు వరసలుగా పాస్‌పోర్టు సైజు ముఖాలు. అందరి మెడలోనూ ఒకే కండువా, కంప్యూటర్‌లో వేసింది. అట్టడుగున, పై వరసలకంటే పెద్దగా, ఖర్చు పెట్టుకున్న కుర్రాడు. వార్డు టికెట్ అడగబోతున్నాడని వీధిలో అందరికీ తెలుసు. ఇంతమంది నాయకులున్న బొమ్మలో, ఆ మలుపులో నడిచే పిల్లల గురించి తలచినవాడు ఒక్కడూ లేడు. తీయించమని అడగడానికి మున్సిపాలిటీకి వెళ్తే అక్కడి ఉద్యోగి గొంతు తగ్గించి, "మీకు తెలియంది ఏముంది సార్, ఇవాళ నేను తీస్తే రేపు నన్ను తీస్తారు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతనికి ఆ భయం పెట్టినవాళ్ల మీదే కోపం.

ఇది కంటికి ఇబ్బంది అనో, ఊరి అందం పాడైందనో రాయడం లేదు. ఇందులో ప్రాణాలు పోతున్నాయి. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర అభిమాన నటుడి పుట్టినరోజుకి కటౌట్ నిలబెడుతూ ముగ్గురు కుర్రాళ్లు కరెంటు తగిలి చనిపోయారు. 2023 జులైలో పల్నాడు జిల్లాలో ఇంకో నటుడి పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు డిగ్రీ విద్యార్థులు. 2024 నవంబరులో తూర్పు గోదావరి జిల్లా తాడిపర్రులో విగ్రహావిష్కరణకి ఫ్లెక్సీ కడుతూ నలుగురు. మూడుచోట్లా పైనున్న కరెంటు తీగే చంపింది. తొమ్మిదిమంది పోయారు, అంతా కుర్రవాళ్లే. ఎవరి బొమ్మ కోసం ఎక్కారో వాళ్లెవరూ ఆ నిచ్చెన పట్టుకోవడానికి రాలేదు. చెన్నైలో 2019లో రోడ్డు మధ్యన కట్టిన పెళ్లి బ్యానరు స్కూటీ మీద వెళ్తున్న ఇరవై మూడేళ్ల అమ్మాయి మీద పడింది, వెనక వస్తున్న ట్యాంకర్ తొక్కేసింది. ఆ పెళ్లి అప్పటి అధికార పార్టీ నాయకుడి ఇంట్లోది. ఆ అమ్మాయి కింద పడినలాంటి చోట్లు మన ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి.

చట్టం లేదా అంటే ఉంది. బహిరంగ స్థలాలను వికారం చేయకూడదని ఉమ్మడి రాష్ట్రంలోనే 1997లో చట్టం చేశారు. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామన్నారు. గుడ్డ మీద వేసుకోమన్నారు. గడువు పెట్టారు, ఆ గడువుని పొడిగించారు, ఆ తర్వాత ఊళ్లలో ఏం కనబడిందో అందరం చూశాం. ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీ మీద రంగు మారింది, అంతే.

అధికారులకు చేతకాదంటే మాత్రం నేను నమ్మను. ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వ కార్యాలయాల మీద బొమ్మలు 24 గంటల్లో, బస్టాండ్లు, వంతెనలు, కరెంటు స్తంభాల మీదివి 48 గంటల్లో, అనుమతి లేకుండా ప్రైవేటు గోడల మీద ఉన్నవి 72 గంటల్లో పోవాలని ఎన్నికల సంఘం ఉత్తర్వు. పోతాయి కూడా! అదే మున్సిపాలిటీ, అదే సిబ్బంది, అదే ట్రాక్టరు. విగ్రహాలకు సైతం రాత్రికి రాత్రి ముసుగులు పడతాయి. ఐదేళ్లలో జరగనిది మూడు రోజుల్లో ఎలా జరుగుతుంది? ఆ మూడు రోజులూ ఎమ్మెల్యే ఫోను పనిచేయదు కాబట్టి జరుగుతుంది. ఏడాది పొడవునా కమిషనర్‌కి ఆ రక్షణ ఇవ్వండి, మన ఊళ్లు మనకి కనబడతాయి.

ఈ బొమ్మల పిచ్చి రోడ్డు మీద ఆగిపోతే ఇంత బాధ ఉండేది కాదు. మన కాగితాల్లోకి వచ్చేసింది. 2015 మేలో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి బొమ్మలు తప్ప ఇంకెవరివీ ఉండకూడదని చెప్పింది. రాష్ట్రాలు, కేంద్రం ఊరుకోలేదు. మళ్లీ కోర్టుకెళ్లి 2016 మార్చిలో ముఖ్యమంత్రులకూ మంత్రులకూ గవర్నర్లకూ సడలింపు తెచ్చుకున్నారు. ఆ తలుపు తెరుచుకున్నాక ఇక ఆపేవాళ్లు లేరు. కరోనా టీకా వేయించుకుంటే సర్టిఫికెట్ మీద ప్రధాని కనబడ్డారు. తాత ముత్తాతలనుంచి వచ్చిన పొలానికి ఇచ్చిన పాస్‌పుస్తకం అట్ట మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్. ఆ పొలం గట్టున పాతిన సర్వే రాయి మీదా ఆయనే. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు పూస్తే కోర్టులు తప్పుబట్టి 2020లో తీయించాల్సి వచ్చింది. వేసిన రంగు డబ్బు మనదే, చెరిపిన రంగు డబ్బూ మనదే. గాయపడ్డవాడి కట్టు మీద కట్టినవాడు సంతకం చేసుకున్నట్టు ఉంటుంది నాకు ఈ వ్యవహారం.

పేర్లదీ ఇదే వరస. 'చంద్రన్న' అని మొదలైన కానుకలు, బీమాలు పోయి 'వైఎస్సార్', 'జగనన్న' వచ్చాయి, అవీ పోయాయి. విజయవాడలో 1986లో పుట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఎన్టీఆర్ పేరు తీసి 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అన్నారు. ఆ మధ్యలో చదివిన పిల్లల పట్టాల మీద ఏ పేరు ఉందో, విదేశాలకి అప్లై చేసేటప్పుడు ఎన్ని వివరణలు రాసుకోవాలో ఎవరూ అడగలేదు. రైతుకి ఇచ్చే డబ్బు ఆంధ్రలో 'రైతు భరోసా' అయినప్పుడు తెలంగాణలో 'రైతు బంధు'. ఇప్పుడు తెలంగాణలో అది 'రైతు భరోసా', ఆంధ్రలో 'అన్నదాత సుఖీభవ'. బోర్డులు, ఫారాలు, వెబ్‌సైట్లు ప్రతిసారీ కొత్తవి. రైతు బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని "ఈసారి దీన్ని ఏమంటారు?" అని క్యూలో పక్కవాణ్ని అడుగుతున్నాడు. అన్న క్యాంటీన్లనైతే ఏకంగా 2019లో మూసేశారు. పేరు, రంగు నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఐదు రూపాయల అన్నం ఏం పాపం చేసింది? 2024 ఆగస్టు దాకా ఐదేళ్లు ఆ పొయ్యిలు వెలగలేదు. రిక్షా కార్మికుడు, ఆస్పత్రికొచ్చిన పల్లెటూరి మనిషి ఆ ఐదేళ్లూ బయట కొనుక్కు తిన్నారు, లేకపోతే పస్తున్నారు. దీనికి బాధ్యులైనవాళ్లని నేను క్షమించలేను.

ఇన్ని ముఖాలు చూపిస్తున్నారు కదా, మాకు కావలసిన ముఖం మాత్రం ఎక్కడా కనబడదు. మా పక్క వీధిలో సిమెంటు రోడ్డు తవ్వి వదిలేశారు. శంకుస్థాపన రాయి మీద మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, ఛైర్మన్, వైస్ ఛైర్మన్, అందరూ ఉన్నారు. కాంట్రాక్టరు పేరు లేదు. ఎంత డబ్బు, ఎన్నాళ్లలో పూర్తవ్వాలి, పాడైతే ఎన్నేళ్లు బాగుచేసే బాధ్యత, చూసుకోవాల్సిన అసిస్టెంట్ ఇంజనీరు ఫోను నంబరు, ఒక్కటీ లేదు. ఆ గుంటలో పడి చెయ్యి విరిగిన ముసలావిడ ఎవరిని అడగాలి? రాయి మీద ఉన్నవాళ్లెవరూ ఆమె ఫోను ఎత్తరు. ఎత్తాల్సినవాడి పేరు రాయి మీద లేదు.

ఒక పని చేయొచ్చు, కొత్త చట్టమేదో కనిపెట్టక్కర్లేదు. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. అదే నిబంధన ప్రతి ఫ్లెక్సీకీ పెట్టండి. అనుమతి నంబరు, ఎప్పటిదాకా ఉంటుంది, ఎక్కడ ప్రింటు చేశారు, డబ్బు ఎవరిది, ఇవన్నీ బొమ్మకంటే పెద్ద అక్షరాల్లో వేయమనండి. నంబరు లేనిది ప్రింటు చేసిన షాపు లైసెన్సు రద్దు చేయండి. కింద ముఖం పెట్టుకున్న ప్రతివాడికీ జరిమానా రాయండి, ఫొటో ఎలాగూ ఇచ్చారు కాబట్టి వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. మా బస్టాండు సెంటర్‌లో ఉన్నదాంతోనే మొదలుపెట్టండి. సోమవారం బడి తెరిచేలోపు దాన్ని దించాలి.