బోనస్‌లో బోను

ఎలుకను పట్టాలంటే బోనులో ఎండుచేప ముక్క పెడతారు. ఆ ముక్క ఖర్చు బోను పెట్టినవాడిదే. అయినా నష్టపోయేది అతను కాదని అందరికీ తెలుసు. సెల్‌ఫోన్‌లో ‘వెయ్యి వేయండి, మరో వెయ్యి బోనస్ పొందండి’ అన్న ప్రకటన మెరిసినప్పుడు మాత్రం ఈ చిన్న సంగతి గుర్తుకు రాదు.

కర్ణాటక, మహారాష్ట్రలకు దగ్గరగా సంగారెడ్డి జిల్లా కొసన ఉన్న నారాయణఖేడ్‌లో అడ్వాన్సు అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల తండాల నుంచి ఎన్నో కుటుంబాలు చెరకు నరకడానికి వలస వెళ్తాయి. సీజనుకు ముందే మేస్త్రీ చేతిలో డబ్బు పెడతాడు. అది తీరేదాకా కత్తి కింద పెట్టడానికి ఉండదు. మేస్త్రీ ఇచ్చింది కానుక అని ఏ ఇంట్లోనూ పొరబడరు. ఆన్‌లైన్ కేసినో ఇచ్చే బోనస్ కూడా అలాంటి అడ్వాన్సే. తేడా ఒక్కటే. చెరకు నరికేవాళ్లకు రోజులు గడిచేకొద్దీ బాకీ తగ్గుతుంది. ఇక్కడ బాకీ తగ్గేకొద్దీ జేబులోని సొంత డబ్బు కూడా తగ్గుతుంది.

అదెలాగో లెక్క వేసి చూద్దాం.

35 రెట్ల మెలిక

ఒక డిగ్రీ కుర్రాడు వెయ్యి రూపాయలు వేశాడనుకోండి. కేసినో మరో వెయ్యి కలిపింది. ఖాతాలో 2,000 కనిపిస్తాయి. వెంటనే తీసుకోబోతే కుదరదు. ‘షరతులు వర్తిస్తాయి’ అన్న చిన్న అక్షరాల వెనుక ఒక నిబంధన ఉంటుంది. బోనస్ మొత్తానికి ఇన్ని రెట్లు పందెం కాస్తేనే డబ్బు చేతికొస్తుంది. 35 రెట్లు అనేది ఈ వ్యాపారంలో మామూలుగా కనిపించే అంకె. అంటే 35,000 రూపాయల పందేలు. స్పిన్నుకు పది రూపాయల చొప్పున 3,500 సార్లు మీట నొక్కాలి. ఒక్కో స్పిన్నుకు మూడు సెకన్లు వేసుకున్నా దాదాపు మూడు గంటల పని.

అనుమతి ఉన్న దేశాల్లో చాలా స్లాట్ ఆటలు 96 శాతం తిరిగి ఇస్తామని చెప్పుకుంటాయి. వినడానికి బాగానే ఉంది. వందకు నాలుగు రూపాయలే కదా పోయేది! కానీ ఆ నాలుగు రూపాయలు పోయేది వేసిన డబ్బు మీద కాదు, కాసిన ప్రతి పందెం మీద. అదే రూపాయి గిర్రున తిరిగి మళ్లీ మళ్లీ పందెంలోకి వెళ్తుంటే ప్రతిసారీ నాలుగు శాతం రాలిపోతుంది. 35,000 మీద నాలుగు శాతం అంటే 1,400 రూపాయలు. వచ్చిన బోనస్ వెయ్యి. దాన్ని విడిపించుకోవడానికి అయ్యే సగటు ఖర్చు 1,400. అంటే ఈ ఉచిత బహుమతి ఖరీదు 400 రూపాయలన్నమాట!

ఇది కాస్త దయగల షరతు. కొన్నిచోట్ల బోనస్‌కే కాక, వేసిన డబ్బుకు కూడా కలిపి 35 రెట్లు అంటారు. అప్పుడు పందేలు 70,000. సగటు నష్టం 2,800. ఖాతాలో ఉన్నదే 2,000. సగటు ఆటగాడు షరతు పూర్తిచేసేలోపే ఖాళీ అయిపోతాడు. కొందరు అదృష్టవంతులు గట్టెక్కుతారు, నిజమే. ప్రకటనల్లో వాళ్ల నవ్వుమొహాలే కనిపిస్తాయి.

గట్టెక్కినవాళ్లకూ ఇంకొన్ని మెలికలు సిద్ధంగా ఉంటాయి. ఏడు రోజుల్లో పూర్తిచేయకపోతే బోనస్ రద్దు. ఒక్క పందెం పరిమితి దాటినా గెలుపు రద్దు. ఎంత గెలిచినా ఇంతకు మించి ఇవ్వరు. కొన్ని సైట్లలో బోనస్ సొమ్ము ఆడుకోవడానికే, తీసుకోవడానికి కాదు.

తిరిగేది చక్రం కాదు

19వ శతాబ్దం చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ ‘లిబర్టీ బెల్’ అనే యంత్రం తయారుచేశాడు. అందులో నిజంగానే మూడు చక్రాలు తిరిగేవి. ఇప్పుడు ఫోన్‌లో తిరిగేది బొమ్మ. మీట నొక్కిన క్షణంలోనే కంప్యూటరు ఒక అంకెను ఎంచుకుంటుంది. గెలుపోటములు అప్పుడే తేలిపోతాయి. తరువాత చక్రాలు తిరగడం, ఒక్కొక్కటే ఆగడం అంతా కనువిందు. మూడో బొమ్మ ఒక్క గడి తేడాతో తప్పిపోయినప్పుడు ‘అబ్బ, కొద్దిలో పోయింది’ అనిపిస్తుంది. నిజానికి కొద్దిలో పోవడం అంటూ ఏమీ లేదు. పోయింది, అంతే. పది రూపాయలు కాస్తే నాలుగు తిరిగొచ్చినప్పుడు కూడా గంటలు మోగుతాయి, నాణేలు రాలుతాయి. ఆరు రూపాయలు పోయినందుకు పండగ!

సరిహద్దు పల్లెలకు మట్కా పేరు కొత్త కాదు. దానితో ఎన్నో ఇళ్లు గుల్లయ్యాయి. అయితే మట్కాలో నంబరు రాసిచ్చాక ఫలితం కోసం గంటల తరబడి ఎదురుచూడాలి. ఆ వ్యవధిలో కాస్త బుద్ధి మేలుకునే అవకాశమైనా ఉండేది. స్లాటులో ఆ వ్యవధి మూడు సెకన్లు. పైగా చీటీ రాసేవాడి దగ్గరకు నడిచి వెళ్లాల్సిన పని లేదు, ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గూ లేదు. దుప్పటి ముసుగులోనే అంతా అయిపోతుంది.

జూదానికి లైసెన్సులిచ్చే బ్రిటన్ కూడా ఈ మెలికను చూసి భయపడింది. బోనస్ షరతు పది రెట్లకు మించకూడదని అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ 2025లో నిర్ణయించింది. 2026 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. పది రెట్లయితే వెయ్యి బోనస్‌కు సగటు ఖర్చు 400. పదికీ ముప్ఫై అయిదుకీ మధ్య ఎంత దోపిడీ ఉందో ఆ ఒక్క అంకే చెబుతుంది.

అడిగే దిక్కు లేదు

మన దగ్గర పరిస్థితి వేరు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై 2025 మార్చిలో తెలంగాణ ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఇలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రచారం చేసేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంటోంది.

అయినా ప్రకటనలు ఆగడం లేదు. సైటు నడిపేవాడు ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడు. కురసావ్ లాంటి చిన్న దీవి లైసెన్సు చూపిస్తాడు. 96 శాతం తిరిగి ఇస్తున్నాడో, 80 శాతమే ఇస్తున్నాడో తేల్చేవారు లేరు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్లి ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు?

లెక్కలో కనిపించని ఖర్చులు ఇంకా ఉన్నాయి. బోనస్ కోసం ఆధార్, పాన్ ఫొటోలు పంపుతారు. అవి ఎవరి చేతికి చేరతాయో తెలియదు. వేసే డబ్బు తరచూ ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి ఖాతాకు వెళ్తుంది. ఆ ఖాతా సైబర్ మోసం కేసులో ఇరుక్కుంటే దానితో లావాదేవీలు జరిపిన ఖాతాలు కూడా స్తంభించిపోయే ప్రమాదం ఉంది. రైతు భరోసా, పంట అమ్మిన సొమ్ము అదే ఖాతాలో పడుతుంటే ఇల్లంతా ఇరుకున పడినట్టే. ఇక ‘స్నేహితుణ్ని చేర్పిస్తే 500’ అన్న బోనస్ మరీ ఘోరం. దాని ధర స్నేహితుడు చెల్లిస్తాడు.

క్వింటాలు కందులకు 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 8,000 రూపాయలు. వెయ్యి చొప్పున ఎనిమిదిసార్లు పోగొట్టుకుంటే క్వింటాలు కందులు ఫోన్‌లో పారబోసినట్టే. దుక్కి దున్ని, విత్తి, కలుపు తీసి, కోసిన చేతులకు ఆ బరువు ఎంతో తెలుసు.

ఇంట్లో ఏం చేయాలి?

పిల్లవాడు రాత్రిళ్లు ఫోన్ వదలకపోయినా, చిన్న చిన్న మొత్తాలు పదేపదే ఖాతా నుంచి వెళ్తున్నా, అడిగితే చిరాకు పడుతున్నా పెద్దవాళ్లు పసిగట్టాలి. తిట్టి, కొట్టి లాభం లేదు. భయపడినవాడు అప్పు దాస్తాడు. దాచిన అప్పు లోన్ యాప్‌లకు దారితీస్తుంది. ముందు ఎంత పోయిందో కాగితం మీద రాయించాలి. బాకీ ఉంటే ఇచ్చినవారికే నేరుగా కట్టాలి తప్ప డబ్బు అతని చేతికివ్వకూడదు. పోయినదాన్ని అక్కడే రాబట్టుకోవాలన్న ఆలోచన మొదట మాన్పించాలి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. మానలేకపోతున్నానని అతనే ఒప్పుకుంటే, 14416 టెలీ మానస్‌లో ఉచితంగా కౌన్సెలింగ్ దొరుకుతుంది. అది పిచ్చివాళ్ల నంబరు అని వెనకాడనక్కర్లేదు.

ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే వాళ్ల చేత ఒక లెక్క చేయించండి. వెయ్యిని 35తో గుణించి, అందులో నాలుగు శాతం ఎంతో చెప్పమనండి. శాతాల పాఠం వంటబడుతుంది. రేపు ఆ ప్రకటన కంటబడినప్పుడు, జవాబు వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.