గది ఒక్కటే చాలదు

మా అక్క కూతురు అమెరికాలో ఒక యూనివర్సిటీలో సంగీత రచన చదువుతోంది. పాడటం కాదు, వాయించటం కాదు, రాయటం. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు తాను రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ రికార్డింగు ఇంట్లో అందరికీ వినిపించింది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. పద్నాలుగు నిమిషాలు. అయిదో నిమిషానికి మగవాళ్ళు ఒక్కొక్కరే వరండాలోకి జారుకున్నారు. మా పెద్దమామయ్య మాత్రం చివరిదాకా కూర్చుని, పాపం అభిమానంగానే, "బాగుందమ్మా, మరి ఇందులో నీ పాట ఎక్కడొస్తుంది?" అని అడిగాడు. "నేను పాడలేదు తాతయ్యా, నేను రాశాను" అంది. "రాయటమేమిటి, వాయించింది వాళ్ళు కదా?" అన్నాడాయన. అందరం నవ్వుకున్నాం.

రెండు నెలల తర్వాత ఒక సాహిత్య సభలో పేరున్న విమర్శకుడొకాయన ఇదే మాట ఇంకోలా అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు. "స్త్రీలు నవల రాశారు, కవిత్వం రాశారు, ఒప్పుకుంటాను. సంగీతంలో వాళ్ళకెవరూ అడ్డుపడలేదే! ఇంటింటా ఆడపిల్లకే కదా సంగీతం నేర్పించేది! మరి వాళ్ళలో ఒక్క త్యాగరాజు, ఒక్క బీథోవెన్ ఎందుకు పుట్టలేదు?" సభలో చప్పట్లు. రెండో వరసలో కూర్చున్న నేను నోరు మెదపలేదు. ఆ మెదపనితనానికి ప్రాయశ్చిత్తంగా రాస్తున్న మాటలివి.

ఎవరూ అడ్డుపడలేదట. సరే, ముందు ఆయన ఎత్తుకున్న త్యాగరాజు దగ్గరే మొదలుపెడదాం. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి శిథిలమైపోతుంటే 1920లలో సొంత డబ్బుతో గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆ ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదన్నారు. ఆవిడ విడిగా స్త్రీల బృందాన్ని పెట్టుకోవాల్సొచ్చింది. ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చువేసిన నాగరత్నమ్మ ఆవిడే అని మన పాఠకులకు నేను గుర్తుచేయనక్కర్లేదు. గుడి కట్టించినావిడ గుడి ముందు పాడకూడదంటే దాన్ని అడ్డుపడటం అనరా? పాడటానికే ఇంత కథ ఉంటే ఇక రాయటం సంగతి ఎవరు అడిగారు?

ఇంటింటా ఆడపిల్లకు సంగీతం నేర్పించారు, నిజమే. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడేంతవరకు నేర్పించారు. ఆ తర్వాత హార్మోనియం అటకెక్కింది. ఇది మన దగ్గరే కాదు. 1820లో అబ్రహాం మెండెల్సన్ తన పద్నాలుగేళ్ళ కూతురు ఫానీకి ఉత్తరం రాస్తూ, సంగీతం నీ తమ్ముడికి వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది అలంకారంగానే ఉండాలి అని తేల్చి చెప్పాడు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ చెప్పింది ఒకే గురువులు. ఫానీ 1834లో ఒక స్ట్రింగ్ క్వార్టెట్ రాసింది. దాని నిర్మాణం సడలిపోయిందని ఫెలిక్స్ విమర్శించాడు. ఆవిడ మళ్ళీ క్వార్టెట్ జోలికి పోలేదు.

ఇక్కడ తమ్ముడిని దుర్మార్గుడని తిట్టి చేతులు దులుపుకోవటం తేలిక. నాకు అది నచ్చదు. విమర్శించటం తప్పు కాదు. 1835లో లైప్‌జిగ్‌లో గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రా మొత్తం ఫెలిక్స్ చేతికొచ్చింది. తాను రాసింది వాయించి చూసుకోవచ్చు, బాగా లేకపోతే మార్చుకోవచ్చు, పత్రికలు తిడితే ఇంకొకటి రాయొచ్చు. అతనికి పదిమంది విమర్శకులు. ఆమెకు ఆ ఒక్క తమ్ముడే పత్రికా, ప్రేక్షకుడూ, ప్రచురణకర్తా. ఆ ఒక్కడూ పెదవి విరిస్తే ఇంకో తలుపు లేదు.

సాహిత్యంలో ఉన్న మనకి ఈ తేడా సరిగ్గా అర్థం కాదేమోనని నా అనుమానం. కథ రాసి బీరువాలో చీరల కింద దాచుకున్నా అది కథే. ముప్పయ్యేళ్ళ తర్వాత మనవరాలు తీసి చదివినా కథే. సంగీతం అలా కాదు. కాగితం మీద స్వరలిపి ఇంకా సంగీతం కాలేదు. క్వార్టెట్ అయితే నలుగురు స్నేహితుల్ని బతిమాలుకోవచ్చు. ఆర్కెస్ట్రాకి అరవై నుంచి ఎనభై మంది కావాలి, వాళ్ళని నడిపించేవాడు కావాలి, హాలు కావాలి, ఒక్కో వాయిద్యానికి విడివిడిగా రాసిన కాగితాలు కావాలి, రిహార్సల్‌కి గంటల లెక్కన డబ్బు కావాలి. పైగా విననిదే ఆ విద్య అబ్బదు. ఫ్లూట్ కింది స్థాయిలో బలహీనం. దాని మీద ట్రాంబోన్లు పెడితే మునిగిపోతుంది. పుస్తకంలో చదివితే తెలిసేది సగమే, మిగతా సగం తాను రాసింది హాల్లో కూర్చుని విని సిగ్గుపడితేనే తెలుస్తుంది. ముప్పయ్యేళ్ళు వచ్చేలోపు పదిసార్లు అలా సిగ్గుపడే అవకాశం దొరికినవాడినీ, ఇరవై రెండేళ్ళకి ఒక్కసారి దొరికి ఆగిపోయినదాన్నీ నలభయ్యో ఏట పక్కపక్కన నిలబెట్టి, చూశారా ప్రతిభలో తేడా, అంటున్నాం.

1929లో వర్జీనియా వుల్ఫ్ ఆడదానికి సొంత గదీ, ఏడాదికి అయిదొందల పౌన్లూ కావాలంది. ఆ గదిని మనం మన వ్యాసాల్లో ఎన్నిసార్లు తిప్పామో లెక్కలేదు. స్వరకర్తకి ఆ గది చాలదు. గదిలోంచి బయటికొచ్చి ఎనభై మందిని "నేను చెప్పినట్టు వాయించండి" అనగల అధికారం కావాలి. అధికారం అనే మాట దగ్గరే వ్యవస్థ బిగుసుకుపోతుంది. వుల్ఫ్‌కి ఈ సంగతి తెలుసు. ఆడది మతబోధ చేయటాన్ని కుక్క వెనక్కాళ్ళ మీద నడవటంతో పోల్చిన పద్దెనిమిదో శతాబ్దపు డాక్టర్ జాన్సన్ మాటనే 1920లలో ఒక సంగీత విమర్శకుడు జర్మేన్ తాయెఫెర్ అనే స్వరకర్తకు అంటగట్టాడని ఆ పుస్తకంలోనే ఎత్తిచూపింది. మనం గదిని పట్టుకున్నాం, ఆ పేజీని వదిలేశాం.

ఇక నన్ను ఎక్కువగా వేధించేది బులాంజే అక్కచెల్లెళ్ళ కథ. అంతకంటే ఎక్కువగా ఆ కథ చెప్పే తీరు.

ఫ్రాన్స్‌లో ప్రీ ద రోమ్ అని విద్యార్థి స్వరకర్తలకొక పెద్ద పోటీ ఉండేది. సంగీతానికి ఆ బహుమతి 1803 నుంచీ ఉంది. ఆడవాళ్ళని రానిచ్చింది సరిగ్గా వందేళ్ళ తర్వాత, 1903లో. 1908లో నాడియా బులాంజే పోటీకి దిగింది. మొదటి అంచెలో ఇచ్చిన స్వరవస్తువుతో గాత్రానికి ఫ్యూగ్ రాయాలి. ఆ వస్తువు వాయిద్యానికే నప్పుతుందని ఆమెకు తోచింది. స్ట్రింగ్ క్వార్టెట్‌కి రాసిచ్చింది. సేన్‌సాన్స్ అంతటివాడు మండిపడ్డాడు. పత్రికలకెక్కింది. మగపిల్లాడు చేస్తే ధిక్కారం అని మురిసిపోయేవారేమో, ఈమె చేస్తే పొగరైంది. చివరికి రెండో బహుమతి ఇచ్చారు. మర్నాటి ఏడు మళ్ళీ వెళ్తే ఏమీ ఇవ్వలేదు.

చెల్లెలు లిలీ ఇదంతా చూసింది. 1912లో తానూ వెళ్ళి జబ్బుచేసి మధ్యలో వచ్చేసింది. 1913లో మళ్ళీ వెళ్ళింది. పోటీదారులందర్నీ కాంపియేన్ కోటలో కొన్ని వారాలపాటు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉంచి, ఇచ్చిన పాఠానికి ఆర్కెస్ట్రాతో సహా కాంటాటా రాయిస్తారు. తుది ఓటు వేసేవాళ్ళలో సంగీతకారులే కాదు, చిత్రకారులూ శిల్పులూ వాస్తుశిల్పులూ ఉంటారు. లిలీ రాసిన "ఫౌస్ట్ ఎ హెలెన్"కి 36 ఓట్లలో 31 వచ్చాయి. సంగీత రచనలో ఆ మొదటి బహుమతి అందుకున్న తొలి స్త్రీ. పంతొమ్మిదేళ్ళు.

ఈ విజయాన్ని ఎలా చెప్పుకున్నారో చూడండి. పాలిపోయిన మొహం, తెల్లగౌను, రోగిష్టి పిల్ల, దేవతలాంటి అమాయకత్వం. ఆనెగ్రెట్ ఫౌసర్ అనే సంగీత చరిత్రకారిణి దీన్ని తిరగేసి చదివింది: ఆ పెళుసుదనపు బొమ్మ లిలీకి కవచంగా పనికొచ్చిందని, అక్కలా ఎదురు నిలబడితే ఏమవుతుందో చూసింది కాబట్టి న్యాయనిర్ణేతలకి భయం పుట్టించని వేషంలో లోపలికి వెళ్ళిందని. నాకు ఈ చదువు నచ్చింది, మనసు చివుక్కుమంది కూడా. సభల్లో తల వంచుకుని మెల్లగా మాట్లాడి పని జరిపించుకున్న మనందరికీ ఈ వేషం పరిచయమే కదా!

జబ్బు అబద్ధం కాదు. 1918 మార్చి 15న ఇరవై నాలుగేళ్ళకే పోయింది. కానీ జబ్బు మనిషి రాసిన సంగీతం ఎలా ఉందో వినకుండా మంచం గురించే ఎంతకాలం మాట్లాడతారు? 130వ కీర్తనకు ఆమె కట్టిన సంగీతంలో గాయకబృందమూ ఆర్కెస్ట్రా కలిసి నేలలోంచి లేచినట్టు లేస్తాయి. అందులో పెళుసుదనం ఎక్కడా లేదు. పాళీ విసుద్ధిమగ్గలోని ప్రార్థనకు కూడా సంగీతం కట్టింది. ఆఖరి రోజుల్లో రాసిన రెండు చిన్న రచనల్లో, ఒకటి వసంతకాలపు ఉదయం, ఒకటి విషాదభరిత సాయంత్రం, ఒకే స్వరవస్తువు ఒకచోట గంతులేస్తుంది, ఇంకోచోట శవం వెంట నడుస్తుంది. రెండింటినీ చాంబర్‌కీ రాసింది, ఆర్కెస్ట్రాకీ రాసింది. యుద్ధం వస్తే అక్కాచెల్లెళ్ళిద్దరూ కమిటీ పెట్టి, సరిహద్దుకి వెళ్ళిన తోటి విద్యార్థులకి సాయం చేశారు, వాళ్ళ వార్తలతో పత్రిక నడిపారు. ఇది మంచాన పడి పైలోకం చూస్తున్న పిల్ల చేసే పనేనా?

నాడియా సంగతి ఇంకో రకం. చెల్లెలు పోయాక కొద్ది సంవత్సరాల్లో రాయటం మానేసింది. తన రచనలు పనికిరానివని తానే అంది. తర్వాత ఏరన్ కోప్లాండ్ నుంచి ఫిలిప్ గ్లాస్ దాకా ఎందరికో గురువైంది. "త్యాగమూర్తి" అన్నారు. త్యాగం అనే మాట వినగానే మనకి చెవులు నిక్కబొడుచుకోవాలి. ఒక తరం అమెరికన్ సంగీతాన్ని తీర్చిదిద్దిన చెవికి తన రచన బాగోగులు తెలియవా, నిజంగానే అవి సామాన్యమైనవేనేమో అనొచ్చు. కావచ్చు. సామాన్యమైన రచనలు చేస్తూ చేస్తూ మెరుగైన మగవాళ్ళు ఎంతమంది లేరు? ఆమె అలా మెరుగయ్యే వీల్లేకుండా పోవటం నా బాధ.

ఇవన్నీ తెల్లవాళ్ళ కథలు అంటారేమో. ఫ్లోరెన్స్ ప్రైస్ నల్లజాతి స్త్రీ. 1933లో ఆమె మొదటి సింఫనీని షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. పదేళ్ళ తర్వాత బోస్టన్ ఆర్కెస్ట్రా నిర్వాహకుడికి, ఆడదాన్నీ నల్లదాన్నీ కావటం నాకు రెండు అవరోధాలని ముందే ఒప్పుకుని, నా రచన చూడమని ఉత్తరం రాసుకుంది. ఆయన ఎప్పుడూ వాయించలేదు. 1953లో ఆమె పోయింది. 2009లో ఇల్లినాయ్‌లో పాడుబడిన ఇంట్లో ఆమె రాతప్రతులు గుట్టలుగా దొరికాయి. ఇంకోటి కూడా చెప్తాను: న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో ఒక స్త్రీ రాసిన ఒపేరా 1903లో ఆడింది. రెండోది 2016లో. మధ్యలో నూట పదమూడేళ్ళు. ఎవరూ అడ్డుపడలేదు!

మనకు వాగ్గేయకారుడు అనే మాట ఉంది. దానికి స్త్రీలింగం వెతుక్కోవాలి. తాళ్ళపాక తిమ్మక్క "సుభద్రా కల్యాణం" రాసినా అన్నమయ్య భార్యగానే మొదట గుర్తొస్తుంది. 1968లో సావిత్రి తీసిన "చిన్నారి పాపలు"కి సంగీతం కూర్చింది పి.లీల. లీల గొంతు తెలియని తెలుగువాళ్ళు లేరు, ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది? మనం మాత్రం తక్కువ తిన్నామా? సినిమా పాటల్లో స్త్రీని ఎలా చూపించారో పుంఖానుపుంఖాలుగా రాశాం. అన్నీ సాహిత్యం మీదే. స్వరం ఎవరు కట్టారు, ఎవరు కట్టనివ్వలేదు అని ఒక్కరం అడగలేదు, నాతో సహా.

మొన్న ఏప్రిల్‌లో మా పిల్ల రాసిన తొమ్మిది నిమిషాల ఆర్కెస్ట్రా రచనని యూనివర్సిటీ ఆర్కెస్ట్రా చదివింది. చదవటమంటే ప్రదర్శన కాదు, ఒకసారి వాయించి చూడటం. ఆమెకి దొరికింది ఇరవై నిమిషాలు. ఆ రాత్రే ఫోన్ చేసింది. "పిన్నీ, ఫ్లూట్ వినపడలేదు. ట్రాంబోన్లు తినేశాయి." దిద్దుకుంది. దిద్దినది వినాలంటే మళ్ళీ ఎనభై మంది కావాలి. వచ్చే మేలో చదువు అయిపోతుంది.

నాతో మాట్లాడే చుట్టాలందరూ ఆ పిల్లని మెచ్చుకుంటారు. అంత దూరం పోయి అంత పెద్ద పని చేస్తోందని. ఆ మెచ్చుకోలులో కుక్క వెనక్కాళ్ళ నడక చూసిన ఆశ్చర్యమే ఉంటుంది. ఎవరూ విని, ఇదిగో ఇక్కడ బాగా లేదు అని చెప్పరు. ఆమె ప్రొఫెసర్లు చెప్తారనుకోండి, వాళ్ళకి జీతమిస్తారు. అందుకని క్వార్టెట్ మళ్ళీ మూడుసార్లు విన్నాను. రెండో భాగంలో చెల్లో ఒంటరిగా కిందికి దిగుతూ ఒకచోట ఆగిపోతుంది, మాట మింగినట్టు. అది నన్ను వదల్లేదు. మూడో భాగం నచ్చలేదు. చెప్పిందే చెప్పినట్టుంది. ఆ మాటే ఫోన్‌లో చెప్పాను. కాసేపు అవతల్నించి చప్పుడు లేదు. తర్వాత, "ఎక్కణ్నుంచి విసుగొచ్చింది పిన్నీ, బార్ నంబరు చెప్పు" అంది. నాకు స్వరలిపి చదవటం రాదు. గడియారం దగ్గర పెట్టుకుని నాలుగోసారి విని, పదకొండో నిమిషం ఇరవయ్యో సెకను నుంచి అని చెప్పాను.