బెల్టుకు విలువ ఎట్లా వస్తుంది?

మంగళవారం పొద్దున్నే డబ్ల్యూడబ్ల్యూఈ 'రా' చూస్తానంటే "ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు కదన్నా" అని నవ్వుతారు మీరు. రాసుకోనివ్వండి, సినిమాకి మాత్రం రాసుకోరా? నా గొడవంతా ఆ రాత గురించే.

ఆర్-ట్రూత్ 24/7 బెల్టును యాభైసార్లకు పైనే గెలిచాడు. పోయినా మళ్ళీ వస్తుందిలే అనుకునేవాళ్ళం. చివరికి 2022లో అది 'రా'లోనే చెత్తబుట్ట పాలైంది. అదే గుంథర్ చూడండి, ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు 666 రోజులు వదల్లేదు. అతని చేతి దెబ్బకి ఎదుటోడి ఛాతీ ఎర్రగా కందిపోయేది (అది మాత్రం రాసుకుంటే వచ్చేది కాదు). అన్నాళ్ళు ఆగాం కాబట్టే రెసిల్‌మేనియా 40లో సామీ జేన్ దాన్ని లాక్కుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బెల్టులు ఊరికే చేతులు మారే వారాల్లో మాత్రం నేను ఫోన్ పక్కన పడేసి మోటారు వేయడానికి పోతా.