'మన ఫోన్ల ఏముంటది?' అనుకుంటే ఎట్ల తమ్మీ?

మొన్న మా ఊరి చాయ్ హోటల్ కాడ నలుగురు పిలగాండ్లు కూసొని ఫోన్ ట్యాపింగ్ ముచ్చట పెట్టిండ్రు. ఒగడు అన్నడు: "పెద్దోళ్ల ఫోన్లు పెద్దోళ్లు విన్నరు. మన ఫోన్ల ఏముంటదే?" ఇంకొగడు అన్నడు: "ఆళ్లున్నప్పుడు ఆళ్లు విన్నరు, ఈళ్లున్నప్పుడు ఈళ్లు వింటరు. గింతే." నేను చాయ్ తాగుకుంట విన్న. ఏ ఊరికి పోయినా నాకు ఇనబడేటివి గీ రెండు మాటలే. రెండిట్ల కొంత నిజముంది. కానీ రెండూ మనల్నే ముంచుతయ్.

కేసు ఏందో మొదలు యాది చేసుకుందాం. 2023 డిసెంబర్ 3న ఎన్నికల ఫలితాలొచ్చినయ్, సర్కారు మారింది. తెల్లారి రాత్రే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ఆఫీసుల హార్డ్ డిస్కులు ధ్వంసం చేసిండ్రని కేసు. 2024 మార్చిల అరెస్టులు మొదలైనయ్. మావోయిస్టుల మీద నిఘా పెట్టే విభాగం అది. దాన్ని ప్రతిపక్ష లీడర్ల మీదికి, వ్యాపారుల మీదికి, జర్నలిస్టుల మీదికి మళ్లించిండ్రని ఆరోపణ. హైకోర్టు జడ్జి ఫోను సుత విన్నరని వార్తలొస్తే హైకోర్టే తనంతట తాను విచారణకు తీసుకుంది. నిందితులు మాత్రం కాదంటున్నరు. నిజమేందో కోర్టుల తేలాలె.

కానీ ఒక్క సంగతి మీద మనసు పెట్టుండ్రి. లీడర్ల నంబర్లను మావోయిస్టులకు సాయం చేసేటోళ్ల నంబర్లని రాసి పై నుంచి మంజూరు తెచ్చుకున్నరని దర్యాప్తుల బయటపడ్డట్టు పత్రికల్ల వచ్చింది. గదే నిజమైతే కాయితం ఉన్నట్టే, సంతకం ఉన్నట్టే. మరి ఆ సంతకం ఎవలను కాపాడింది?

గిప్పుడు చట్టం సూద్దాం. మన దేశంల ఫోన్ వినాలంటే జడ్జి వారంటు అక్కెర లేదు. 1885ల తెల్లోళ్లు చేసిన టెలిగ్రాఫ్ చట్టం కింద సర్కారే ఆర్డర్ ఇచ్చుకునేది. 1996ల పీయూసీఎల్ కేసుల సుప్రీంకోర్టు కొన్ని కట్లు ఏసింది. హోం సెక్రటరీ సంతకం ఉండాలె, గడువు ఉండాలె, ఒక రివ్యూ కమిటీ సూడాలె అన్నది. కానీ ముందుగాల జడ్జి అనుమతి ఉండాలెనని మాత్రం అనలే. 2023ల కొత్త టెలికాం చట్టం వచ్చింది, 2024ల కొత్త రూల్స్ వచ్చినయ్. అండ్ల సుత జడ్జి లేడు.

అంటే వినేది సర్కారు, మంజూరు ఇచ్చేది సర్కారు సెక్రటరీ, తప్పొప్పులు సూసే కమిటీల కూసునేది సర్కారు ఆఫీసర్లే. కంచే చేను మేస్తే ఎవలకు చెప్పుకోవాలె?

ఇంకో లెక్క ఇనుండ్రి. 2018ల జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఏమని రాసిందంటే, రెండు నెలలకోపాలి కూసునే రివ్యూ కమిటీ ఒక్కో మీటింగుల 15,000 నుంచి 18,000 ఆర్డర్లు సూడాల్సొస్తున్నదని. పొద్దుగాల నుంచి ఎనిమిది గంటలు కదలకుండ కూసున్నా నిమిషానికి 30కి పైగా ఆర్డర్లు తిప్పాలె. గది సూసుడా, ఠప్పా కొట్టుడా?

గిప్పుడు జనం మాటకొస్త. అమెరికాల 2013ల ప్యూ సంస్థ సర్వే చేసింది. సర్కారు ఫోన్ రికార్డులు సూసుడు సరే అన్నోళ్లు 56 శాతం. అసలు ముచ్చట పార్టీల కాడుంది. బుష్ ఉన్నప్పుడు, 2006ల, నిఘా సరే అన్న డెమొక్రాట్లు 37 శాతమే. ఒబామా వచ్చినంక గది 64 శాతమైంది. రిపబ్లికన్లు 75 నుంచి 52కు దిగిండ్రు. మనోడు వింటే దేశ రక్షణ, మందోడు వింటే దౌర్జన్యం అన్నట్టు!

మన తాన వేరేగుందా? 2015ల ఓటుకు నోటు కేసప్పుడు మా ఫోన్లు విన్నరని తెలంగాణ సర్కారు మీద ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబు మండిపడ్డడు. గప్పుడు మనోళ్లల్ల చానామంది సప్పట్లు కొట్టిండ్రు, బాగా పట్టిండ్రన్నరు. గా సప్పట్లల్ల నేను సుత ఉన్న. గియ్యాల ఒప్పుకుంటున్న, అది తప్పు. వినే చేతికి ఆనాడు మనం అడ్డు చెప్పలే.

ఇగ "మన ఫోన్ల ఏముంటది" అనే తమ్మునికి నా ముచ్చట చెప్త. కొన్నేండ్ల కింద మా వాగుల ఇసుక లారీలు ఆపాలెనని తిరిగిన. అంతకుముందు రోజూ ఫోన్ చేసి లారీ నంబర్లు చెప్పే ఒక అక్క ఉన్నట్టుండి ఫోన్లు బంద్ చేసింది. ఇంటికి పోయి అడిగితే, "ఫోన్ల వద్దు తమ్మీ, ఎవలన్న ఇంటరేమో, నాకు ఇద్దరు పిల్లలు" అన్నది. మా ఫోన్లు నిజంగ విన్నరో లేదో నాకు గియ్యాలటి దాకా తెల్వదు. విన్నా, విన్నమని చెప్పాలెనని మన చట్టంల లేదు. కానీ వినకుండనే అక్క నోరు మూతపడింది. లారీలు నడిచినయ్. మన ఫోన్ల ఉండేది గదే తమ్మీ: లారీ నంబరు, కూలి లెక్క, భూమి పంచాయితీ, రేపటి ధర్నా టైము.

టెర్రరిస్టులను పట్టొద్దని నేను అంటలేను. పట్టుండ్రి, కానీ జడ్జికి చెప్పి పట్టుండ్రి. కేసు లేకుంటే, గడువు అయినంక, నీ ఫోన్ విన్నమని ఆ మనిషికి చెప్పుండ్రి. ఏడాదికి ఎన్ని ఫోన్లు విన్నరో లెక్క అసెంబ్లీల పెట్టుండ్రి. మీ ఊరికి ఓట్లడగనీకి వచ్చే ప్రతి పార్టీవోన్ని గీ మూడు అడుగుండ్రి. పాత సర్కారు విన్నదా లేదా కోర్టు తేలుస్తది. ఈ సర్కారు గానీ, రేపొచ్చే సర్కారు గానీ వినకుండ ఆపేది ఏందో మనమే అడగాలె.