ఆరున్నర వేల ఫోనులో మన తెలుగు

2022 దీపావళికి ముందు మా చిన్నమ్మకు ఒక స్మార్ట్‌ఫోను కొనిపెట్టవలసి వచ్చింది. ఏడువేల రూపాయలకు మించి పెట్టలేమని ఇంట్లో ముందే అనుకొన్నాము. ఆ వెలకు దొరికే వాటిలో రెండు ఫోనులు మా ముందు నిలిచాయి. ఒకటి 2021 నవంబరులో వచ్చిన జియోఫోన్ నెక్స్ట్. రెండవది 2022 సెప్టెంబరులో వచ్చిన రెడ్‌మీ ఏ1. రెండింటికీ ప్రకటించిన వెల ఒక్కటే, 6,499 రూపాయలు. వెలలో తేడా లేనప్పుడు దేనిని ఎంచుకోవాలి అన్న ప్రశ్న నన్ను ఆలోచనలో పడవేసింది. ఆ ఆలోచననే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాను.

మాది హోసూరు ప్రాంతం. చిన్నమ్మకు డెబ్భై ఏళ్ళు దాటాయి. చిన్ననాడు ఊరి బడిలో అయిదవ తరగతి వరకు తెలుగులోనే చదువుకొన్నది. వేరే లిపి రాదు. ఆమె మనుమడు 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో చేరినవాడు. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. పని కోసం బెంగుళూరు చేరాడు. ఫోనులో మాట్లాడుకొంటే సరిపోదా అంటే, చిన్నమ్మకు చెవి మందం. మనుమడు నాలుగు మార్లు అరిచి చెప్పినా సగమే అందుతుంది. మనుమడు నోటితో చెప్పినది ఆమెకు తెలుగు అక్షరాలలో కనబడాలి. ఆమె అక్షరాలలో రాసినది అతనికి వినబడాలి. ఇదీ మా ఇంటి అవసరం. ఎల్లల అవతల ఉన్న తెలుగు ఇళ్ళలో ఇటువంటివి ఇంకెన్ని ఉన్నాయో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ పనికి మామూలు మీటల ఫోను చాలదు. అందులోని సంక్షిప్త సందేశం ఇంగ్లీషు అక్షరాలలో అయితే 160 వరకు పడుతుంది. తెలుగు లిపిలో అయితే 70తోనే నిండిపోతుంది. పైగా గుణింతపు గుర్తులు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. 'లక్ష్మి' అన్న చిన్న పేరే ఏడు స్థానాలు తీసుకొంటుంది. ఒకే మాటను తెలుగులో పంపేవాడు ఇంగ్లీషులో పంపేవాని కంటే ఎక్కువ సందేశాలు ఖర్చు పెట్టాలన్నమాట. అంతర్జాలం మీద నడిచే సందేశాలకు ఈ బాధ లేదు. కనుక పేదవాడికి స్మార్ట్‌ఫోను విలాసమన్న మాట తెలుగు రాసుకోదలచినవాని విషయంలో చెల్లదు.

ఇక రెండు ఫోనులనూ పోల్చి చూద్దాం. లోపలి సత్తువలో పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ పని జ్ఞాపకశక్తి 2 జీబీ, దాచుకొనే చోటు 32 జీబీ. రెండూ తక్కువ జ్ఞాపకశక్తి గల ఫోనుల కోసం గూగుల్ తయారుచేసిన ఆండ్రాయిడ్ గో మీద నడుస్తాయి. మొదటిది 11వ ఆండ్రాయిడ్, రెండవది 12వది. రెండింటిలోనూ రెండు సిమ్ములు పెట్టుకోవచ్చు.

జియోఫోన్ నెక్స్ట్‌కు ఉన్న మేళ్ళు ముందు చెబుతాను. దాని వెనుక కెమెరా 13 మెగాపిక్సెల్, ముందుది 8. రెడ్‌మీలో అవి 8, 5 మాత్రమే. పట్టా కాగితాన్నో రేషను కార్డునో ఫొటో తీసి పంపేవారికి ఆ తేడా పనికివచ్చేదే. బ్యాటరీని మనమే తీసి మార్చుకోవచ్చు. తెర మీది రాతను పైకి చదివి వినిపించే ఏర్పాటు, వేరే భాషలోకి మార్చి చూపే ఏర్పాటు అందులో ముందుగానే అమర్చి ఇచ్చారు. ఆ భాషలలో తెలుగు ఉన్నది. ఈ ఒక్క గుణమే చూస్తే మా అవసరానికి అదే తగినదిగా తోచింది.

అయితే రెండు విషయాలు అడ్డు వచ్చాయి. మొదటిది తెర. దాని తెర 5.45 అంగుళాలు, రెడ్‌మీ ఏ1 తెర 6.52 అంగుళాలు. ఇంగ్లీషు చదివేవానికి ఇది సినిమా చూడడంలో తేడా. తెలుగు చదివే ముసలివారికి ఇది అక్షరం ఆనడంలో తేడా. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. చిన్న అచ్చులో ఆ వత్తులు కలిసిపోయి మరకలవలె కనబడతాయి. అక్షరాన్ని పెంచుకొంటే చిన్న తెర మీద వరుసకు రెండు మాటలు కూడా పట్టవు. కనుక తెలుగు చదువరికి తెర పెద్దదిగా ఉండడం అవసరం.

రెండవది సిమ్ము. జియోఫోన్ నెక్స్ట్‌లో వేరే సంస్థ సిమ్మును మాటలకు వాడుకోవచ్చు గాని, అంతర్జాలం మాత్రం జియో మీదనే నడుస్తుంది. రెడ్‌మీకి ఆ కట్టు లేదు. పెద్ద నగరంలో ఉండేవారు దీనిని పట్టించుకోకపోవచ్చు. మావంటి ఎల్ల ఊళ్ళలో బంధువులు ఒకరు కుప్పంలో, ఒకరు మాలూరులో, ఒకరు వేపనపల్లిలో ఉంటారు. ఒక ఊరిలో ఒక సంస్థ సంకేతం అందితే, గుట్ట దాటిన తరువాత ఇంకొకటి అందుతుంది. ఏ ఊరికి పోతే ఆ ఊరిలో పనిచేసే సిమ్మును వేసుకొనే వీలు ఉండాలి. బ్యాటరీ విషయంలోనూ రెడ్‌మీయే మెరుగు. దానిది 5,000 మిల్లీ ఆంపియర్ గంటలు, మొదటిదానిది 3,500. కరెంటు పోయి వచ్చే పల్లెలలో ఇది చిన్న తేడా కాదు.

వాయిదాల మాట కూడా చెప్పాలి. జియోఫోన్ నెక్స్ట్‌ను విడుదల చేసినప్పుడు ముందుగా 1,999, ప్రక్రియ రుసుముగా 501 కట్టి, మిగిలినది నెలనెలా తీర్చే పద్ధతి పెట్టారు. అన్నిటికంటే తక్కువ వాయిదా నెలకు 300 చొప్పున 24 నెలలు. మొత్తం కూడితే 9,700 రూపాయలు. అందులో నెలకు 5 జీబీ అంతర్జాలం, వంద నిమిషాల మాటలు కలిసి ఉన్నాయి కనుక దానిని అన్యాయమని అనలేను. చేతిలో ఒకేసారి ఆరున్నర వేలు లేనివారికి అది దారే. అయితే కొనేవాడు నెల వాయిదాను చూసి తృప్తిపడక, మొత్తాన్ని కూడి చూసుకోవాలి.

ఈ లెక్కలన్నీ వేసుకొని రెడ్‌మీ ఏ1 తీసుకొన్నాము. చదివి వినిపించే ఏర్పాటు మనుమని ఫోనులో చేసుకొంటే చాలునని తేల్చుకొన్నాము. అసలు కథ అంగడిలో మొదలయింది. అంగడి కుర్రవాడు ఫోనును ఇంగ్లీషులో అమర్చి చేతికిచ్చాడు. తెలుగులో పెట్టమని అడిగాను. "ఇక్కడి ఫోనులో తమిళం, ఇంగ్లీషు మాత్రమే వస్తాయి సార్, తెలుగు కావాలంటే ఆంధ్రాలో కొనాల" అన్నాడు. ఆ కుర్రవాడు మాతో మాట్లాడుతున్నది తెలుగులోనే! చిన్నమ్మ కలుగజేసుకొని, "నాకొచ్చేది ఆ అచ్చరాలే గదప్పా, ఇంకోటి పెడితే నేనేం చూసేది?" అన్నది. నేను ఫోను తీసుకొని అమరికలలోకి వెళ్ళి భాషల పట్టీ తెరిచాను. తెలుగు అక్కడే ఉన్నది. రెండు నిమిషాలలో తెర అంతా తెలుగయింది. కుర్రవాడు ఆశ్చర్యపడ్డాడు. అతనికి తెలియక అన్నమాటే గాని అందులో చెడు తలపు లేదు. అంతకు ముందు ఎవరూ అతనిని తెలుగు అడగలేదు, అంతే.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ క్షణమే. 2016లో కేంద్ర ప్రభుత్వం ఐ.ఎస్. 16333 అనే ప్రమాణాన్ని సెల్‌ఫోనులకు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గడువు కొన్నిమార్లు పొడిగించిన మీదట అది అమలుకు వచ్చింది. దాని ప్రకారం మన దేశంలో అమ్మే ప్రతి ఫోనులోనూ 22 భారతీయ భాషల రాత చదవడానికి వీలుగా కనబడాలి. రాయడానికి మాత్రం ఇంగ్లీషు, హిందీ, వీటికి తోడు ఇంకొక్క భారతీయ భాష ఉంటే చాలు. మీటల ఫోనులో ఆ 'ఇంకొక్క' చోటు మనకు దక్కుతుందన్న భరోసా లేదు. ఆండ్రాయిడ్ ఫోనుకు ఆ ఇరుకు లేదు. అది హోసూరులో కొన్నా, బళ్ళారిలో కొన్నా, బరంపురంలో కొన్నా, షోలాపురంలో కొన్నా దానిలో తెలుగు ఉంటుంది. తెలుగు పక్కనే కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో పెట్టుకొని మార్చి మార్చి రాసుకోవచ్చు. 2017 నుంచి గూగుల్ తెలుగులో నోటితో చెప్పి రాయించే వీలు కూడా కల్పించింది. ప్రభుత్వ బడి మన పిల్లలకు నేర్పని లిపి ఆరున్నర వేల ఫోనులో అణిగి ఉన్నది. దానిని పైకి తీయమని అడగవలసినవారం మనమే. అడగకపోతే అంగడివాడికి తెలుగు కొనుగోలుదారు కనబడడు. కనబడనివాని కోసం ఏ వ్యాపారీ దేనినీ అమర్చడు.

ఈ రెండు ఫోనులూ ఇప్పుడు పాతబడ్డాయి. ఎవరైనా చేతులు మారిన ఫోనుగా తక్కువ వెలకు ఇస్తామంటే ఒక హెచ్చరిక చేస్తున్నాను. ఆండ్రాయిడ్ 11కు 2024లో, ఆండ్రాయిడ్ 12కు 2025లో గూగుల్ భద్రతా సవరణలు ఆపివేసింది. చదువుకోవడానికి, రాసుకోవడానికి అటువంటి ఫోను పనికిరావచ్చు. బ్యాంకు పనులకు, డబ్బు పంపడానికి వాటిని నమ్ముకోవద్దు. కొత్తది కొనేవారు భద్రతా సవరణలు ఏ ఏడు వరకు ఇస్తారో అడిగి తెలుసుకోవాలి.

పేర్లు ఏడాదికోమారు మారుతాయి గాని, చూడవలసినవి మారవు. డబ్బు చెల్లించకముందే ఫోనును తెలుగులోకి మార్చి చూపించమనండి. అక్షరాన్ని పెద్దది చేసి, 'స్వాతంత్ర్యం' వంటి మాట రాయించి, వత్తులు విడివిడిగా కనబడుతున్నాయో లేదో చూడండి. నోటితో ఒక వాక్యం చెప్పి రాయించండి. ఏ సంస్థ సిమ్ముతోనైనా అంతర్జాలం వస్తుందో లేదో అడగండి. వాయిదాలైతే మొత్తం కూడించండి. ఈ అయిదింటికీ పది నిమిషాలు చాలు. మీ వెనుక వచ్చే తెలుగు ఇంటికి ఆ అంగడిలో 'తెలుగు లేదు' అన్న మాట వినే అగత్యం తప్పుతుంది.

చిన్నమ్మ మొదటి వారం అక్షరాలు వెతుక్కొంటూ రాసింది. ఇప్పుడు మనుమడు బెంగుళూరు నుంచి నోటితో చెప్పినది ఆమె అద్దాలు పెట్టుకొని చదువుతుంది. ఆమె రాసినది అతని ఫోను చదివి వినిపిస్తుంది. ఈ మధ్య అతడు నన్ను ఒక మాట అడిగాడు: "పెదనాన్నా, అవ్వ రాసింది నేనే చదవాలంటే ఎన్ని దినాలు పడుతుంది?" అని. వచ్చే ఆదివారం నుంచి మొదలు పెడుతున్నాము.