నూనె గుడ్డ, మామిడి గడ్డి

ఇంట్లో టేకు బల్లలకూ కుర్చీలకూ నూనె పట్టించడం ఎట్లాగో వ్రాయమని ఒక సోదరి అడిగారు. వ్రాసే ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గే అనుకోండి.

మాది నూజివీడు ప్రాంతం. 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్ళాం గాని, మామిడి చెట్లకు ఆ సంగతి తెలియదు. వేసవి వచ్చిందంటే వెనక గదిలో వరిగడ్డి పరచి చిన్నరసాలు మగ్గవేస్తాం. ఆ రోజుల్లోనే, ఎండ బాగా ఉంది గదా అని, అత్తగారి నాటి భోజనాల బల్లకు అవిసె నూనె పట్టించాను. పని అయ్యాక గుడ్డను ఉండచుట్టి ఆ గదిలో ఒక మూలకు విసిరి, కాస్త నడుం వాల్చాను. సాయంత్రం మావారు, "ఏమిటీ మాడు వాసన?" అంటూ లేచారు. వెళ్ళి చూస్తే గుడ్డలోంచి పొగ! విప్పితే నడిమి భాగం నల్లగా మాడి ఉంది. జానెడు దూరంలో గడ్డి. ఆ రాత్రి నాకు పండు సహించలేదు.

నిప్పు ఎవరూ పెట్టలేదు. అవిసె నూనె ఆరడమంటే నీళ్ళు ఆరడం వంటిది కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని గట్టిపడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. బల్లమీద పలచగా ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టిన గుడ్డలో పోయే దారిలేక, కొద్ది గంటల్లోనే అంటుకోవచ్చు. ఇప్పుడు నేను గుడ్డను నీళ్ళలో ముంచి, మడతలు విప్పి, ఆరుబయట రాతిగట్టుమీద ఒంటిపొరగా ఆరేస్తున్నాను. అట్టముక్కలా బిరుసెక్కాకే పారవేయడం. పనిమనిషికీ ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇక పద్ధతి. దుమ్ము తుడిచి, జిడ్డుంటే తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఒక రోజు ఆరనివ్వాలి. రంగుల కొట్లో లిన్సీడాయిలు అంటే ఇస్తారు. డబుల్ బాయిల్డ్ రకం త్వరగా ఆరుతుంది. చెక్క చారల వెంబడి పలచగా రాసి, పావుగంటయ్యాక పైన మిగిలినదంతా తుడిచెయ్యాలి. తుడవకపోతే జిగురుగా తయారై దుమ్మంతా పట్టుకుంటుంది. కొబ్బరినూనె, ఆముదం చాలవా అంటారు కొందరు. అవి ఎన్నటికీ గట్టిపడవు, తలకే ఉంచండి. లక్క పాలిష్ వేసిన సామానులో నూనె ఇంకదు గనుక దాని జోలికి పోవద్దు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, తేమకు తొందరగా ఆరదు.

గ్లాసు మచ్చలు పడితే సన్నని గరుకు కాగితంతో చారల వెంటే రుద్ది, అక్కడ మళ్ళీ నూనె రాస్తే చాలు. ముచ్చిక సొన పడితే మాత్రం అప్పటికప్పుడే తుడవాలి.

మామిడి చెక్క బల్లలు చవక. కాని పుచ్చు పురుగుకు అదంటే మహా ఇష్టం. కిందకు సన్నని పొడి రాలుతూంటే పైన ఎంత నూనె రాసినా లాభం లేదు. వడ్రంగిని పిలిచి ఆ పలక మార్పించడమే.