ఇల్లు మనదే, వైరింగు మాత్రం లైసెన్సు ఉన్నవారిదే

వేలూరు, గుడియాత్తంలోనూ, ఇప్పుడు రాణిపేట జిల్లాలో ఉన్న నెమిలిలోనూ మనవాళ్లలో చాలామందికి అద్దెలే పెన్షను. పాత ఇంటిని రెండు పోర్షన్లు చేస్తాం. వంటగదికి ఒక పాయింటు, మోటారుకు ఇంకొకటి కలుపుతాం. మేస్త్రీ తనకు తెలిసిన కుర్రాణ్ణి కరెంటు పనికి తెస్తాడు. “మన ఇల్లే కదన్నా, లైసెన్సు దేనికి?” అని సంఘంలో మమ్మల్ని అడుగుతున్నారు.

సున్నం, పూత, గచ్చు పనికి మేస్త్రీని లైసెన్సు అడగనక్కర్లేదు. కొత్త గది, మేడ అయితే స్థానిక సంస్థ అనుమతి తీసుకోవాలి. కరెంటు దారి వేరు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి ఉన్నవి ఉన్నట్టు మార్చుకోవచ్చు. కొత్త లైను లాగినా, ఉన్నదాన్ని మార్చినా ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి. యోగ్యతా పత్రం ఉన్న మనిషి దగ్గరుండి చూడాలి. సొంత ఇల్లని మినహాయింపు లేదు.

అద్దె ఇంటికి ఇంకో మెలిక ఉంది. 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉన్న తమిళనాడు అద్దె చట్టం రిపేర్లను పంచింది. వేరే ఒప్పందం లేకపోతే స్విచ్చీలు, సాకెట్లు అద్దెకున్నవారివి. గోడ లోపలి వైరింగు ఓనరుది. షాకు కొట్టినప్పుడు “కుర్రాడు చేశాడు” అంటే చెల్లదు.

లైసెన్సు ఉన్నవారు కూలి ఎక్కువ అడుగుతారు, చిన్న ఊళ్లలో వెంటనే దొరకరు. ఆ ఇబ్బంది నిజమే. కాగితం లేకపోయినా పనితనం ఉన్న కుర్రాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లను మానిపించడం మా ఉద్దేశం కాదు. అనుభవం ఉన్నవారికి ప్రభుత్వం వైర్‌మ్యాన్ సహాయకుల పరీక్ష పెడుతోంది. ఐటీఐలో విచారించి రాయించండి. అంతవరకు లైసెన్సుదారు కింద పని చేయించండి.

పని ఒప్పుకునే ముందు తమిళనాడు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన లైసెన్సు, దాని గడువు చూడండి. చిత్తూరు నుంచి బంధువును పిలిపిస్తే, అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోండి. పని అయ్యాక ఎర్తింగు, ఇన్సులేషను పరీక్షించిన కాగితం రాయించుకుని అద్దె ఒప్పందంతో పాటు దాచండి.

అద్దె మనం తింటున్నాం. ఆ గోడకు చెయ్యి ఆనించి పడుకునేది వాళ్ల పిల్లలు.